ఆకృతుల వలస – అర్థ రక్షణ

పడమటి కనుమల పాదాన వెలసిన రాజపాళయానికి తెలుగు భాష వలస వచ్చి శతాబ్దాలు గడిచినవి. విజయనగర కాలంలో తమ పూర్వీకులు ఇచ్చటికి తరలివచ్చిరని ఇక్కడి రాజుల కుటుంబాలు చెప్పుకొనుట పరిపాటి. తెలుగు లిపి నేర్వని కొందరు తమ ఇంటి మాటను తమిళ లిపిలో వ్రాసికొనుట కలదు. తమిళంలో క, గ లకు ఒకే అక్షరం. ‘గాలి’ అని వ్రాసినా, ‘కాలి’ అని వ్రాసినా కంటికి ఒకటే. భాష తెలిసినవారు సందర్భాన్ని బట్టి గ్రహిస్తారు; తెలియనివారు పొరబడతారు. స్థలం మారినప్పుడు రూపం నిలిచినా అర్థం జారిపోవచ్చునన్న ఈ సత్యం కంప్యూటరు రూపకల్పన చరిత్రలోనూ కనిపిస్తుంది.

1970 దశకంలో యంత్రభాగాల చిత్రాలు కంప్యూటరులోకి చేరినవి. కాని ఒక్కొక్క ప్రోగ్రాముది ఒక్కొక్క భాష. ఒకదానిలో గీసినది మరొకదానిలో తెరుచుకొనేది కాదు. పది ప్రోగ్రాములు పరస్పరం నేరుగా మాట్లాడుకొనవలెనన్న తొంబది అనువాద సాధనాలు కావలెను. అన్నింటికీ ఒక ఉమ్మడి భాష ఉన్నచో, దానిలోకి వ్రాసే ఎగుమతికి పది, దానినుండి చదివే దిగుమతికి పది, మొత్తం ఇరువది చాలును. ఈ ఆలోచనతో అమెరికాలో 1979లో బోయింగ్, జనరల్ ఎలక్ట్రిక్ మొదలైన సంస్థలు ప్రభుత్వ సహకారంతో పూనుకొనగా, 1980లో ‘ఐజెస్’ అనే ఉమ్మడి ఫైలు రూపం వెలువడినది.

1987లో త్రీడీ సిస్టమ్స్ సంస్థ, పొరలు పొరలుగా వస్తువును తయారుచేసే తన యంత్రం కొరకు ‘ఎస్‌టిఎల్’ను తెచ్చినది. ఇందులో వస్తువు ఉపరితలమంతా చిన్న త్రిభుజాలుగా మారుతుంది. కొలమానం మాత్రం ఇందులో ఉండదు. నూలు మిల్లు పళ్ళ చక్రాన్ని ఇందులో పంపినచో, 10 అన్న అంకె మిల్లీమీటర్లో, అంగుళాలో ఫైలు చెప్పదు. పొరబడినచో చక్రం 25.4 రెట్లు మారిపోవును. ఇది ‘గాలి–కాలి’ వంటి చిక్కే. 1994లో అంతర్జాతీయ ప్రమాణంగా వెలువడిన ‘స్టెప్’ కొలమానాన్ని, ఘనరూపాన్ని, భాగాల కూర్పును కూడ మోయగలిగినది. అయినను రూపకర్త ఆ వస్తువును ఏ క్రమంలో నిర్మించెనో సాధారణంగా దానితో రాదు.

ఈ లోపం ఎంత నష్టం తేగలదో 2006లో ఎయిర్‌బస్ ఎ380 విమానం లోకానికి చాటినది. జర్మనీ, ఫ్రాన్సు దేశాల ఇంజనీర్లు ఒకే ప్రోగ్రాము యొక్క రెండు వేర్వేరు తరాలను వాడిరి. ఒక్కొక్క విమానంలో సుమారు 530 కిలోమీటర్ల తీగలు అమర్చవలసి ఉండగా, కొన్నిచోట్ల అవి సరిపోలేదు. విమానాల అందజేత ఎంతో ఆలస్యమైనది.

కనుక నమూనాను ఎగుమతి చేసేవారు కొలమానం తెలుపవలెను, మూలప్రతిని భద్రపరచవలెను. దిగుమతి చేసికొనేవారు తెలిసిన ఒక పొడవును కొలిచి సరిచూడవలెను. భాష విషయంలోనూ ఇంతే. మాట ఇంట నిలిచినది. అక్షరాలనే ఆ మూలప్రతిని కాపాడుట పాఠశాల ధర్మం. తెలుగు బడి చేయుచున్న పని ఇదే.