రైలు సిబ్బంది: ఉస్లాపూర్, బిలాస్‌పూర్

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ శివార్లలో, కట్నీ మార్గంలో ఉన్న స్టేషన్ ఉస్లాపూర్. కట్నీ నుంచి రాయపూర్ వెళ్లే బండి బిలాస్‌పూర్ జంక్షన్‌లోకి వస్తే ఇంజను విప్పి రెండో కొసకు తగిలించాలి. ఉస్లాపూర్ నుంచి దాధాపారాకు వేసిన అడ్డదారి ఆ తతంగాన్ని తప్పిస్తుంది. ఆగ్నేయ మధ్య రైల్వే కేంద్ర కార్యాలయం 2003 నుంచి బిలాస్‌పూర్‌లోనే ఉంది. రైల్వే కొలువుల కోసం వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలానే.

డ్యూటీకి వచ్చిన లోకో పైలట్ (ఇంజను డ్రైవరు) మొదట సిబ్బంది హాజరయ్యే లాబీలో మద్యం పరీక్ష గొట్టంలో ఊదాలి, వేగ నియంత్రణల కాగితం తీసుకోవాలి. ఆ తర్వాతే ఇంజను ఎక్కడం. సిగ్నల్ కనబడగానే దాని రంగును లోకో పైలట్, సహాయకుడు ఇద్దరిలో ఒకరు గట్టిగా చెబుతారు. రెండోవారు తమ కళ్లతో చూసి అదే తిరిగి పలకాలి. బయటివాళ్లకు చాదస్తంగా అనిపించవచ్చు గానీ, కునుకును, పరధ్యానాన్ని పట్టేసేది ఈ కేకే. బండి చివర గార్డు ఉంటాడు. 2022 నుంచి ఆ హోదా పేరు ట్రెయిన్ మేనేజర్.

ఆగ్నేయ మధ్య రైల్వే జోన్ పొడవాటి గూడ్సు బండ్లకు పేరుపడింది. 2021 జనవరిలో ఐదు ఖాళీ గూడ్సు బండ్లను ఒక్కటిగా కలిపి భిలాయి నుంచి కోర్బాకు నడిపిన ‘వాసుకి’ పొడవు సుమారు 3.5 కిలోమీటర్లు. నడిపింది ఒక లోకో పైలట్, ఒక సహాయకుడు, ఒక గార్డు. ఇంత పొడవులో బ్రేకు గొట్టంలోని గాలి ఒత్తిడి మార్పు చివరిదాకా చేరడానికి సమయం పడుతుంది. అందుకే మధ్యమధ్య ఇంజన్లు పెడతారు; ముందున్న పైలట్ వాటిని రేడియో సంకేతాలతో నియంత్రిస్తాడు.

2022 ఆగస్టు 15న ‘సూపర్ వాసుకి’ అనే మరో పొడవాటి బండి ఆరు ఇంజన్లు, 295 వ్యాగన్లతో దాదాపు 27,000 టన్నుల బొగ్గును కోర్బా నుంచి రాజ్‌నంద్‌గావ్‌కు చేర్చింది.