వెనుక దీపానికి ఇద్దరు యజమానులు

అమెరికాలో దూరప్రయాణాలు చేసే కుటుంబాలు కొన్ని, ఇల్లువలె అమర్చిన పెద్ద మోటారు వాహనంలో బయలుదేరి, దాని వెనుక తమ చిన్న కారును కట్టి లాగుకొని పోతాయి. విడిది చేరిన తరువాత ఊరు తిరగడానికి ఆ కారు పనికివస్తుంది. ఈ ఏర్పాటులో ఒక చిక్కు ఉన్నది. వెనుక వచ్చేవారికి కనబడేవి ముందున్న పెద్ద వాహనపు దీపాలు కావు, లాగబడే కారు దీపాలే. కాబట్టి ముందు డ్రైవరు బ్రేకు తొక్కినా, మలుపు తిరగబోయినా, ఆ సంగతిని కారు వెనుక దీపాలు తెలియజేయాలి. అదే కారు స్వయంగా నడిచే రోజున ఆ దీపాలే తమ సొంత స్విచ్చుల ఆజ్ఞను పాటించాలి. అనగా ఒక దీపానికి ఇద్దరు యజమానులన్నమాట.

"పెద్ద వాహనం నుండి ఒక తీగ తెచ్చి కారు దీపానికి కలిపితే సరిపోదా?" అని విద్యార్థి అడగవచ్చును. కలిపి చూద్దాం. చాలా అమెరికన్ కార్లలో బ్రేకు సంకేతానికీ, మలుపు సంకేతానికీ ఒకే ఫిలమెంటును వాడుతారు. మలుపు స్విచ్చి మధ్యలో ఉన్నప్పుడు బ్రేకు తీగ ఆ స్విచ్చి ద్వారా ఎడమ దీపానికీ, కుడి దీపానికీ కలిసే ఉంటుంది. ఇప్పుడు పెద్ద వాహనం ఎడమ దీపానికి విద్యుత్తు పంపింది. ఆ దీపం వెలిగింది. కాని ప్రవాహం అంతటితో ఆగదు. కారు సొంత తీగ వెంట వెనుకకు నడిచి, స్విచ్చిని చేరి, అక్కడినుండి కుడి దీపానికి పోతుంది. రెండూ కలిసి మినుకుమినుకుమంటాయి. బండి ఎటు తిరుగుతుందో వెనుకవాడికి తెలియదు. చీకటి రోడ్డుమీద ఇది ప్రాణాపాయమైన అబద్ధం. ఇట్లే రాత్రి వెలిగే ఎర్రదీపానికి పంపిన విద్యుత్తు కారు ముందు దీపాలకూ, డ్రైవరు ఎదుటి కొలతల పలక దీపాలకూ పాకిపోతుంది. ఈ తీగ ఎవరిది అన్న వివేచన విద్యుత్తుకు లేదు. పొటెన్షియల్ భేదం ఉండి, దారి తెరచి ఉంటే చాలు, అటు పోతుంది. (మన దేశపు కార్లలో మలుపు దీపం నారింజ రంగులో వేరుగా ఉంటుంది గనుక మొదటి గందరగోళం ఈ రూపంలో రాదు, రెండవది తప్పదు.)

కావలసినది సైకిలు ట్యూబులోని వాల్వు వంటిది. గాలిని లోపలికి పోనిస్తుంది, బయటికి రానివ్వదు. విద్యుత్తుకు అట్టి కవాటమే డయోడు.

దాని కథ 1874లో మొదలైనదనవచ్చును. అప్పటికి ఇరువది నాలుగేండ్ల వయస్సు గల జర్మన్ శాస్త్రజ్ఞుడు ఫెర్డినాండ్ బ్రౌన్, గెలీనా అనే సీసపు ఖనిజం వంటి స్ఫటికాలకు సన్నని లోహపు తీగ మొన ఆనించి విద్యుత్తును పంపి చూశాడు. ఓమ్ నియమం ప్రకారం బ్యాటరీ కొనలను తారుమారు చేసినా ప్రవాహం అంతే ఉండాలి. ఇక్కడ అట్లా లేదు. ఒక దిశలో ధారాళంగా, రెండవ దిశలో అతి స్వల్పంగా పోయింది. మన ఉపాధ్యాయులు గుర్తుంచుకోదగిన సంగతి ఏమంటే, ఆ కాలంలో బ్రౌన్ లైప్జిగ్ నగరంలోని ఒక పాఠశాలలో పాఠాలు చెప్పుకొనేవాడు. కారణం ఆయనా చెప్పలేకపోయాడు, దానితో ఏమి చేయాలో లోకానికీ తోచలేదు. పాతికేండ్లకు పైగా ఆ విషయం అట్లే పడి ఉన్నది.

దానికి పని కల్పించినది రేడియో. జగదీశ్ చంద్ర బోస్ గారు రేడియో తరంగాలను పసిగట్టడానికి గెలీనా స్ఫటికాన్ని వాడి, 1904లో అమెరికాలో పేటెంటు పొందారు. ఆ సంవత్సరమే ఇంగ్లండులో ఫ్లెమింగ్, వేడెక్కిన ఫిలమెంటునూ ఒక లోహపు పలకనూ గాలి తీసిన గాజుబుడ్డిలో అమర్చి, దానికి వాల్వు అని పేరు పెట్టాడు. 1906లో పికార్డ్ సిలికాన్‌తో డిటెక్టరు చేశాడు. డయోడు అనే మాట 1919లో ఎకిల్స్ కల్పించినది. గ్రీకు భాషలో "రెండు దారులు" అని దాని అర్థం. పనిచేసేది ఒక్క దారిలోనే అయినా ఆ పేరే నిలిచింది! అయితే స్ఫటికపు డిటెక్టరులో నడిచే విద్యుత్తు చెవికి పెట్టుకొనే ఫోనుకు చాలినంతే. మోటారు దీపాన్ని వెలిగించే ఆంపియర్లు దానికి అందని మాట.

మరొకవైపు మోటారు బండిలోనూ వెనుక నడిచే విద్యుత్తు బాధ మొదటినుండీ ఉన్నది. ఇంజను నెమ్మదించినప్పుడు డైనమో వోల్టేజి బ్యాటరీకన్న తగ్గుతుంది. అప్పుడు బ్యాటరీ విద్యుత్తు తిరిగి డైనమోలోకి పారి వృథా అవుతుంది. దానిని ఆపడానికి కటౌట్ అనే విద్యుదయస్కాంతపు స్విచ్చిని పెట్టేవారు. పాత మెకానిక్కులు దాని కొనలు గీకి శుభ్రం చేయడం ఎరుగుదురు. 1940లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో రస్సెల్ ఓల్ సిలికాన్‌లో పి-ఎన్ సంధిని గుర్తించాడు. 1950ల నాటికి అధిక విద్యుత్తును భరించే సిలికాన్ డయోడులు తయారైనాయి. 1960లో క్రైస్లర్ సంస్థ వేలియంట్ అనే కారులో డైనమో బదులు ఆల్టర్నేటరును అమర్చింది. దాని ఏకాంతర విద్యుత్తును ఏకముఖంగా మార్చే డయోడులే బ్యాటరీ విద్యుత్తును వెనుకకు పోనివ్వవు. కటౌట్‌తో పని తీరిపోయింది. అట్లా డయోడు రేడియో పెట్టెలోనుండి మోటారులోకి దిగింది.

ఇక మన దీపం. ప్రతి ఫిలమెంటు ముందూ రెండు డయోడులు ఉంచుతారు. ఒకటి కారు సొంత తీగలో, ఒకటి పెద్ద వాహనం నుండి వచ్చే తీగలో. రెండింటి ముఖాలూ దీపంవైపే. ఎవరు పంపినా దీపం వెలుగుతుంది, ఒకరి విద్యుత్తు మరొకరి తీగలోకి మాత్రం ఎక్కదు. రెండు దీపాలకు రెండేసి ఫిలమెంట్లుంటే ఎనిమిది డయోడులు. చిత్రమేమంటే, "ఇది గాని, అది గాని" అనే తర్కాన్ని కంప్యూటరుకు నేర్పినదీ ఈ జంటయే. 1950లో అమెరికా ప్రభుత్వపు కొలతల సంస్థ నిర్మించిన సియాక్ అనే కంప్యూటరులో ఇట్టి తర్కపు పనికి పదివేలకు పైగా జెర్మేనియం డయోడులు వాడారు.

ఈ కవాటం సుంకం లేకుండా దాటనివ్వదు. బ్రేకు ఫిలమెంటు 27 వాట్లది అనుకొంటే, అందులో సుమారు 2 ఆంపియర్లు పారుతాయి. సిలికాన్ డయోడు దాదాపు 0.8 వోల్టు మింగుతుంది. అనగా ఒకటిన్నర వాట్లకు పైగా వేడి. అందుచేత డయోడులను గాలి తగిలేచోట ఉంచాలి. ఫిలమెంటు దీపపు వెలుగు వోల్టేజికి ఇంచుమించు 3.4వ ఘాతంలో మారుతుంది గనుక, 12.8 వోల్టులు 12కు తగ్గితే వెలుగులో అయిదవ వంతు పోతుంది. ఈ నష్టం తగ్గించాలంటే షాట్కీ డయోడులు వాడవచ్చును, అవి మింగేది తక్కువ. వాటిలో లోహము, అర్ధవాహకము తాకే చోటే కవాటం. అది బ్రౌన్ తీగ మొన గెలీనాను తాకిన చోటు వంటిదే. అక్కడ జరిగేదేమిటో షాట్కీ 1938లో సిద్ధాంతీకరించాడు.

1962లో హోలోన్యాక్ కంటికి కనిపించే ఎర్రని కాంతినిచ్చే డయోడు చేశాడు. నేడు అనేక కార్లలో వెనుక దీపమే ఆ జాతి డయోడు, అదే ఎల్.ఇ.డి. దీపమే డయోడు కదా, ఇక ఆ రెండూ ఎందుకని తరగతిలో అడిగి చూడవచ్చును. వెనుకకు పారేది దీపంలోనుండి కాదు, దీపానికి ముందు రెండు తీగలూ కలిసే చోటునుండి. అక్కడ తలుపులు రెండూ ఉండవలసిందే.