కరువు నాటి ప్రశ్న

పింఛను పుస్తకం చేతికొచ్చాక ‘ఇన్నేళ్ళ పరుగంతా దేనికి?’ అన్న సందేహం మనలో చాలామందికి కలుగుతూనే ఉంటుంది. మనకిది తీరిక వేళ వచ్చే ప్రశ్న. ఈ ప్రాంతంలో ఒక తరానికి అది ఆకలి వేళ ఎదురైంది.

నేడు పత్తికి, మిరపకు పేరుబడ్డ ఈ నల్లరేగడి సీమకు కరువులు కొత్త కాదు. 1832-33 నాటి నందన కరువులో గుంటూరు జిల్లాలో సుమారు ఐదు లక్షల జనాభాలో లక్షన్నరకు పైగా చనిపోయారని అంచనా. 1876లో ధాత కరువు మొదలైనప్పుడు ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది. అక్కడి అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో సుమారు మూడు మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకొని వేలమందికి కూలి చూపించాడు. వారిలో మాదిగలు ఎక్కువ.

1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇచ్చింది దొర కాదు, ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నీటిలో నిలబడ్డారు.

‘గంజి కోసం మతం’ అని తేల్చేసేవారున్నారు. ఆ అపవాదుకు వెరచే క్లౌ, కరువు సాయం సాగిన పదిహేను నెలలపాటు బాప్తిస్మాలు ఆపివేశాడు. అయితే ఆకలికీ దీనికీ సంబంధమే లేదనడం కూడా నాకు సమ్మతం కాదు. కాలువ పని లేకుంటే ఆ జనంలో ఎందరు మిగిలేవారో!

ఈ వాదంలో అందరూ మరచిపోయే మనిషి యర్రగుంట్ల పేరయ్య. మాదిగ, తోళ్ళ వ్యాపారి. 1866లో క్రైస్తవం స్వీకరించడానికి ముందే గురువును ఆశ్రయించి రాజయోగం అభ్యసించాడు. ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో వెలువరించిన గ్రంథంలో ఈ వృత్తాంతం ఉంది. గుడి గడప తొక్కనివ్వని, ఊరి బావిలో చేద వేయనివ్వని మనిషికి కూటి చింత తప్ప వేరే చింత ఉండదని పై కులాలవారు అనుకున్నారు. కరువుకు పదేళ్ళ ముందే పేరయ్య ఇంట ఆ వేరే చింత ఉంది. కళ్ళముందే పల్లెలు ఖాళీ అవుతుంటే అది ఇంటింటిదీ అయింది.

గుండ్లకమ్మ ఒడ్డున ఆనాడు గుమాస్తాలు జాబితాలు చూసి ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచారు. దేవుడి లెక్కలో తామూ ఉన్నామని వారికి అనిపించింది అక్కడేనని నేననుకుంటాను. అటువంటివారి మనుమలు, మునిమనుమలు మన కార్యాలయాల్లో మన పక్క బల్లల వద్దే పనిచేశారు. వాళ్ళ ఇళ్ళలో ఈ కథ ఎలా చెప్పుకుంటారో అడిగి విన్నవారు మనలో బహు తక్కువ.