పన్నెండేళ్ళ వ్యాకరణం, ఆరు నెలల కథ

పంచతంత్రం పుట్టుక కథ చాలామందికి తెలిసిందే. మహిళారోప్యం అనే పట్నం, అమరశక్తి అనే రాజు, చదువంటే గిట్టని ముగ్గురు కొడుకులు. వ్యాకరణానికే పన్నెండేళ్ళు పడుతుందని ఒక మంత్రి లెక్క చెప్పాడు. ఎనభై ఏళ్ళ విష్ణుశర్మ మాత్రం ఆరు నెలలు చాలన్నాడు. ఎద్దు, సింహం, రెండు నక్కలతో కథ మొదలుపెట్టాడు. ఆ రాజు నిజంగా ఉన్నాడా లేదా అన్నది అలా ఉంచితే, చదవనని మొరాయించే పిల్లల కోసం కథలల్లడం ఎంత పాత విద్యో ఆ పీఠికే చెబుతోంది.

1853లో పరవస్తు చిన్నయసూరి మద్రాసులో అవే కథలను ‘నీతిచంద్రిక’గా రాశారు. తెలుగు వచనానికి ఒక ప్రమాణం చూపించడం ఆయన ఉద్దేశం, అందులో ఆయన గెలిచారు. పుస్తకం తరతరాలకు పాఠ్యగ్రంథమైంది. కానీ ఒక తమాషా జరిగింది. వ్యాకరణం తప్పించడానికి పుట్టిన కథలే వ్యాకరణం నేర్పే సాధనమయ్యాయి. నక్క దగ్గరికి చేరాలంటే పిల్లవాడు ముందు సంధులూ సమాసాలూ దాటాలి.

ఆ గోడను పడగొట్టిన పత్రిక 1947 జూలైలో వచ్చిన ‘చందమామ’. నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టారు. తర్వాత కొడవటిగంటి కుటుంబరావు దశాబ్దాలపాటు దాని భాషను తీర్చిదిద్దారు. చిన్న వాక్యాలు, ఇంట్లో వినే మాటలు, పక్కనే బొమ్మ. దాసరి సుబ్రహ్మణ్యం సీరియల్ పిల్లలను వచ్చే నెల దాకా ఆపితే, బేతాళుడు ప్రతి కథ చివరా ప్రశ్న వేసి వాళ్ళను ఆలోచనలో పడేసేవాడు. చదవమని ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

ఇంచుమించు అదే కాలంలో అమెరికాలోనూ ఇదే చిక్కు వచ్చింది. 1954లో లైఫ్ పత్రికలో జాన్ హెర్సీ ఒక వ్యాసం రాశాడు. పిల్లలు చదవలేకపోవడానికి బడి వాచకాల చప్పదనం కూడా కారణమన్నది ఆయన వాదన. డిక్, జేన్ అనే మహా బుద్ధిమంతులైన పిల్లలు బంతి చూడు, కుక్కను చూడు అనుకుంటూ పేజీలు నింపే వాచకాలవి. దాంతో విలియం స్పాల్డింగ్ అనే ప్రచురణకర్త డాక్టర్ స్యూస్‌కు 300 పైచిలుకు మాటల పట్టిక ఇచ్చి, వాటిలోంచే కథ రాయమన్నాడు. స్యూస్ ఏడాదికి పైగా తంటాలు పడ్డాడు. 1957లో ‘ద క్యాట్ ఇన్ ద హ్యాట్’ వచ్చింది. మొత్తం పుస్తకంలో వేర్వేరు మాటలు 236 మాత్రమే. కథలో అమ్మ ఇంట్లో లేదు, టోపీ పెట్టుకున్న పిల్లి వచ్చి ఇల్లు పీకి పందిరేసింది. అమ్మ వచ్చేలోగా సర్దగలరా? పిల్లవాడు పేజీ తిప్పక ఏం చేస్తాడు! చివర్లో మన బేతాళుడిలాగే, నువ్వైతే అమ్మకు ఏం చెబుతావని ప్రశ్న. ఆ తర్వాత 50 మాటలతో రాయలేవని బెన్నెట్ సెర్ఫ్ పందెం కాస్తే, 1960లో ఆ పందెమూ గెలిచాడు.

నాకు ఇందులో కనిపించేది ఒక్కటే. కష్టం ఎవరో ఒకరు పడాలి. విష్ణుశర్మ, చందమామ రచయితలు, స్యూస్ ఆ కష్టాన్ని తమ మీద వేసుకున్నారు. వాచకాలు రాసేవాళ్ళు పిల్లల మీద వేశారు.

విదేశాల్లో పెరుగుతున్న మన పిల్లల సంగతి ఇక్కడే గుర్తొస్తుంది. పదేళ్ళ పిల్లకు తెలుగు వింటే అర్థమవుతుంది, ఇంగ్లీషులో లావుపాటి నవలలు చదువుతుంది. తెలుగులో ఆమె చేతికి మనం ఇచ్చేది అ అమ్మ, ఆ ఆవు. లేదంటే ఏకంగా ఒత్తులతో కిక్కిరిసిన పేరాలు. మొదటిది ఆమె వయసుకు చిన్నతనం, రెండోది ఆమె కళ్ళకు అడవి. మధ్యలో ఉండాల్సిన పుస్తకం అరుదు. ఆ పిల్ల ఏడాది తిరిగేసరికి తెలుగు బడి మానేస్తే, తెలుగంటే ఇష్టం లేదని తేల్చేస్తాం.

స్యూస్‌కు మాటల పట్టిక ఎలాగో, మనకు ఒత్తులు అలాగ. ఒక్క ఒత్తు కూడా లేకుండా, పదేళ్ళ పిల్లకు తగిన కథ రాయొచ్చా? ప్రయత్నిస్తే కుదురుతుంది: “మేడ మీద గది తాళం ఎవరు తీశారు? చీకటిలో ఏదో కదిలింది.” గుణింతం వస్తే చాలు, ఈ రెండు వాక్యాలూ చదవొచ్చు. తర్వాత ఆ గదిలో ఏముందో రాయాల్సింది మాత్రం మనమే.