పరవాడ కరెంటు, పంచాయతీ బిల్లు

రాష్ట్రం చేతిలో డబ్బులు ఆడనప్పుడల్లా ముందు దెబ్బ తగిలేది పంచాయతీకే. ఇదేమీ ఈ మధ్య పుట్టిన జబ్బు కాదండోయ్, నూటయాభై ఏళ్ళ నాటిది.

1857 తిరుగుబాటు తర్వాత బ్రిటిష్ వాళ్ళ ఖజానా లోటులో పడింది. 1870లో వైస్రాయి మేయో రోడ్లు, బళ్ళు, ఆసుపత్రుల్లాంటి ఖర్చుల్ని ప్రావిన్సులకి అప్పజెప్పి, ఏటా ఇంత అని ఒక మొత్తం ఖాయం చేశాడు. చాలకపోతే మీ తంటాలు మీరు పడండి అన్నట్టు! దాంతో 1871లో మద్రాసు ప్రభుత్వం చట్టం చేసి స్థానిక పన్నులు వేసింది. మన విశాఖపట్నం జిల్లా అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోదే. ఎన్నికైన సభ్యుల మాట 1882లో రిప్పన్ ఎత్తేదాకా గట్టిగా వినబడలేదు. అంటే ముందు బిల్లు వచ్చింది, తర్వాత ఓటు వచ్చింది.

1993లో 73వ రాజ్యాంగ సవరణ అమల్లోకొచ్చి ఐదేళ్ళకోసారి ఎన్నికలు తప్పనిసరి చేసింది. కానీ అధికారాలు, పన్నుల దగ్గరికొచ్చేసరికి రాష్ట్రం "ఇవ్వవచ్చు" అని ఊరుకుంది. మన భాషలో చెప్పాలంటే యూజర్ అకౌంట్ పంచాయతీకి, అడ్మిన్ రైట్స్ రాష్ట్రానికి.

పోనీ ఆ తప్పనిసరి ఎన్నికలైనా టైముకి జరిగాయా? 2013లో గెలిచినవాళ్ళ గడువు 2018 ఆగస్టులో తీరింది. మళ్ళీ ఎన్నికలు 2021 ఫిబ్రవరిలో! ఈలోగా రాష్ట్రంలో ప్రభుత్వం మారింది, స్పెషల్ ఆఫీసర్ల పాలన మాత్రం మారలేదు. మధ్యలో కరోనా. 2020 మార్చి జీతాల్లోనే ప్రభుత్వం కొంత ఇచ్చి, మిగతాది వాయిదా వేసింది.

కొత్త సర్పంచులు కుర్చీలో కూర్చున్న ఏడాదే, 2021 నవంబరులో, ఆర్థిక సంఘం నిధులు కరెంటు బకాయిల కింద డిస్కంలకి వెళ్ళిపోయాయని గోల మొదలైంది. బకాయిలున్న మాట నిజమేనని ప్రభుత్వ వాదన. అయ్యుండొచ్చు. కానీ నా అకౌంట్లో డబ్బు నన్నడక్కుండా తీసుకుంటే దాన్ని బిల్లు కట్టడం అంటారా?

ఇప్పుడు పరవాడ సంగతి చూడండి. ఇక్కడి సింహాద్రి ప్లాంటు 2002లో 1000 మెగావాట్లకి, 2012కల్లా 2000 మెగావాట్లకి చేరింది. కరెంటు గ్రిడ్డుకి పోతుంది, బూడిద ఊళ్ళ పక్కనే ఉంటుంది. అయినా ఇక్కడి పంచాయతీలకీ రూలు ఒకటే, వీధిదీపం బిల్లు వాళ్ళే కట్టుకోవాలి.

నా మటుకు నాకు పరిష్కారం చిన్నదే అనిపిస్తుంది. పంచాయతీ తీర్మానం లేకుండా దాని ఖాతాలోంచి రూపాయి కూడా కదలకూడదు. 2020 నుంచీ ఈ-గ్రామస్వరాజ్ సైట్లో ప్రతి పంచాయతీ లెక్కలూ పెడుతున్నారు. రోజూ వేరేవాళ్ళ లాగ్స్ చూసే మనం, ఒక్కసారి సొంతూరి లాగ్ కూడా చూస్తే పోలా?