హుద్‌హుద్ కొట్టిన రోజు షావుకారు గారి కొట్టు

కరెంటు పోయింది. ఇంట్లో కొవ్వొత్తి ముక్క కూడా లేదు. అమ్మ ఇచ్చిన యాభై నోటు గుప్పిట్లో బిగించి చినవాల్తేరు సందులో పరుగెడుతున్నావు. 2014 అక్టోబరు 12, ఆదివారం. ఈ మధ్యాహ్నం విశాఖ దగ్గరే హుద్‌హుద్ తుపాను తీరం దాటుతుందని కరెంటు పోయేదాకా టీవీలో చెబుతూనే ఉన్నారు. వాన పైనుంచి పడడం లేదు, అడ్డంగా వచ్చి చెంపల మీద కొడుతోంది. కళ్లు తెరుచుకోవడం లేదు.

సందు మలుపులో షావుకారు గారి కొట్టు. తలుపు పలకలన్నీ వేసేశారు, ఒక్కటి మిగిలింది. ఆ ఖాళీలోంచి ఆయన భార్య, మామ్మగారు, నీ చెయ్యి పట్టి లోపలికి లాగేస్తారు.

"ఏటి నాన్నా, ఈ గాలిలో ఎవరు పంపించేరు నిన్ను?"

లోపల ఇంగువ, చింతపండు, కిరోసిన్ కలిసిన వాసన. గాజు సీసాల్లో జీళ్లు. పైన వేలాడే పురికొస ఉండ. గల్లాపెట్టె మీద ఎర్ర అట్ట ఖాతా పుస్తకం. వీధిలో సగం ఇళ్ల నెల సరుకులు అందులోనే ఉంటాయి. జీతాలు అందగానే ఎవరి పద్దు వాళ్లు తీర్చేస్తారు. సంతకం లేదు, హామీ లేదు. షావుకారు గారికి మనిషి తెలిస్తే చాలు.

ఆయన కొవ్వొత్తులు పాత పేపర్లో చుట్టి నీ చేతికిస్తారు. "గాలి తగ్గేదాకా కదలకు."

గాలి తగ్గదు. పెరుగుతుంది. గంటకు 180 కిలోమీటర్ల దాకా. తలుపు పలకలు దడదడలాడుతున్నాయి. బయటెక్కడో చెట్టు విరిగింది. కాళ్ల కింద గచ్చు అదిరింది. మామ్మగారి చెయ్యి నీ భుజం మీదే ఉంది.

ఉన్నట్టుండి అంతా ఆగిపోతుంది.

ఆకు చప్పుడు కూడా లేదు. అయిపోయిందా? మీ ఇల్లు పదడుగుల సందు దాటితే కనిపిస్తుంది. అమ్మ గుమ్మంలో ఎదురుచూస్తూ ఉంటుంది. పరుగెత్తాలా? ఒక కాలు గడప దాటింది.

"ఆగు!" షావుకారు గారు చొక్కా పట్టుకుంటారు. "తుపాను కన్ను మన నెత్తి మీదుంది. సగమే అయింది. ఇంక అటుపక్క నుంచి కొడతాది."

ఆయన వీధిలోకి వచ్చి ఎదురు మేడ వాళ్లకి కేకేస్తారు, కుర్రాడు మా కొట్లోనే ఉన్నాడని వాళ్లమ్మకి చెప్పమని. పలక మళ్లీ బిగిస్తారు.

గాలి వచ్చేసింది. ఈసారి వెనక నుంచి. పైన సిమెంటు రేకు లేచింది. మళ్లీ పడింది. మళ్లీ లేచింది. ఎగిరిపోయింది. ఆకాశం కనిపిస్తోంది. వాన కొట్లో పడుతోంది. సీసాలు పగులుతున్నాయి. బియ్యం బస్తాలు తడుస్తున్నాయి. ఖాతా పుస్తకం! చెయ్యి చాపావు. ఇంకో రేకు వంగింది.

"పుస్తకం పోతే పోనీ! నువ్వు రా!"

వెనక శ్లాబు గదిలోకి ఇద్దరూ నిన్ను ఈడ్చుకుపోతారు. తలుపు మూశారు. చీకటి.

సాయంత్రానికి గాలి నెమ్మదిస్తుంది. బయటికొస్తే చెట్లు రోడ్డుకు అడ్డంగా పడి ఉన్నాయి. కైలాసగిరి మీద పచ్చదనమే లేదు. ఆ తర్వాతి రోజుల్లో ఫోన్లు పలకవు. ఏటీఎంలు పనిచెయ్యవు. పెట్రోలు బంకుల ముందు బారులు. ఊళ్లో పాల ప్యాకెట్టుకి రెండు మూడింతలు అడుగుతున్నారు. షావుకారు గారు టార్పాలిన్ కట్టి, మిగిలిన సరుకు పాత ధరకే తూస్తున్నారు. డబ్బు లేనివాళ్లకి కూడా.

ఖాతా పుస్తకం తడిసి ముద్దయింది. సిరా కారిపోయింది, ఒక్క అంకె కనబడదు. మామ్మగారు కొత్త పుస్తకానికి పసుపు రాస్తారు. వీధివాళ్లు ఒక్కొక్కరే వచ్చి తమ బాకీ తామే చెబుతున్నారు, ఆయన రాసుకుంటున్నారు. నువ్వు పక్కనే నిలబడి వింటున్నావు. ఆయన ఎవరినీ రెండోసారి అడగలేదు.

ఇప్పుడు ఆ దంపతులు అక్కడ లేరు. వయసు మీదపడి కొట్టు అమ్మేసి పిల్లల దగ్గరికి వెళ్లిపోయారు. మలుపులో సెల్‌ఫోన్ల దుకాణం వచ్చింది. ఫోన్లో నొక్కితే సరుకులు గుమ్మంలోకి వస్తున్నాయి. కానీ సిగ్నలు పోయి, జేబు ఖాళీ అయిన రోజున ముఖం చూసి బియ్యం కొలిచేది అలాంటి కొట్టే. మీ వీధిలో ఒకటి ఇంకా తెరిచి ఉంటే, ఈ నెల సరుకులు అక్కడే కొనండి.