టైపురైటర్ కాదు మొర్రో!

మెయిలు పంపితే "నాట్ ఎ టైప్‌రైటర్" అని తిరిగొచ్చేదట! జోకు కాదండీ, ఒకప్పుడు సెండ్‌మెయిల్ వాడినవాళ్ళు నిజంగా చూసిన ఎర్రర్ ఇది. దీని మూలం వెతుకుతూ పోతే, సీ లైబ్రరీలో ఎర్రర్ మెసేజీలు తలో రకంగా ఎందుకున్నాయో కూడా తెలిసొచ్చింది.

1979 నాటి యూనిక్స్ ఏడో ఎడిషన్ మాన్యువల్‌లో ఎర్రర్ల పట్టిక ఒకటుంది. ఒక్కోదానికి ఒక అంకె, ఒక పేరు, ఒక వాక్యం. 25, ఈ-నాట్-టీవై, "నాట్ ఎ టైప్‌రైటర్". మొదట్లో టెర్మినల్ అంటే ఎక్కువగా కాగితం మీద టకటకా కొట్టే టెలిటైపే కాబట్టి ఆ మాట సబబే. చిక్కెక్కడంటే, ఫైల్లో రాసేముందు స్టాండర్డ్ ఐవో లైబ్రరీ "ఇది టెర్మినలేనా?" అని లోపల్లోపలే వాకబు చేసేది. కాకపోతే ఎర్నోలో 25 పడేది. అదేం తప్పు కాదు, పని సాగిపోయేది. తర్వాతెప్పుడో ఎర్నోని ముట్టుకోని ఇంకేదో గొడవొస్తే, ప్రోగ్రాం ఆ పాత 25నే వాక్యంగా మార్చి మన మొహాన కొట్టేది. అదన్నమాట సంగతి.

1988లో పోసిక్స్ వచ్చి పేర్లు ఖాయం చేసింది. అంకెలు మాత్రం ఎవరిష్టం వాళ్ళదే. 1989లో ఆన్సీ సీ వాళ్ళు స్ట్ర్‌ఎర్రర్ ఫంక్షన్ని ప్రామాణికం చేశారు గానీ, అది ఏ వాక్యం ఇవ్వాలో చెప్పలేదు. ఇంకేం! "ఈ-ఎగైన్" లైనక్స్‌లో 11, మ్యాక్‌లో 35. మ్యాక్‌లో 11 అంటే డెడ్‌లాక్! ఏడో ఎడిషన్‌లో "నాట్ ఓనర్" అన్నది జీలిబ్‌సీలో "ఆపరేషన్ నాట్ పర్మిటెడ్" అయింది. మన 25 ఏమో "ఇనప్రోప్రియేట్ ఐఆక్టల్ ఫర్ డివైస్"గా మారింది. నన్నడిగితే టైపురైటరే నయం, కనీసం నవ్వొస్తుంది.

ఇదంతా పాత చింతకాయ పచ్చడి అనుకోకండి. ఆల్పైన్ కంటైనర్లలో ఉండేది జీలిబ్‌సీ కాదు, మజల్ అనే ఇంకో లైబ్రరీ. జీలిబ్‌సీ "కనెక్షన్ టైమ్డ్ అవుట్" అన్నచోట మజల్ "ఆపరేషన్ టైమ్డ్ అవుట్" అంటుంది. లాగ్‌లో మొదటి వాక్యాన్ని గ్రెప్ చేసి అలర్ట్ పంపే స్క్రిప్టు ఉందనుకోండి, బేస్ ఇమేజ్ మార్చిన రోజు నుంచీ అది నోరు మూసుకుని కూర్చుంటుంది. సర్వర్ చచ్చినా మనకి ఫోన్ రాదు.

విచిత్రమేంటంటే, అన్నిచోట్లా ఒకేలా ఉన్నది పేరొక్కటే, కానీ ఆ పేరుని అచ్చువేసే ఫంక్షనే లేదు! జీలిబ్‌సీలో అది వచ్చింది 2020లో, 2.32 వెర్షన్‌లో. దాని పేరు చివర "ఎన్‌పీ" అని ఓ తోక తగిలించారు. అంటే నాన్ పోర్టబుల్ అట! అందుకే నేను మా కోడ్‌లో పేర్ల పట్టిక సొంతంగా రాసుకున్నాను. లాగ్‌లో వాక్యం పక్కన పేరూ పడుతుంది, అలర్ట్ పేరు చూసే మోగుతుంది.